640 థిన్ సెక్షన్లు, పనిచేసే మైక్రోస్కోప్ ఒక్కటి: వాటంతటవే ఫోటోలు తీసే ఏర్పాటు చవకలో అవుతుందా?

కడప_గెస్ట్_లెక్చరర్ అడిగింది:

అందరికీ నమస్కారం. కడపలో ఒక డిగ్రీ కాలేజీలో జియాలజీ చెబుతాను. గెస్ట్ ఫ్యాకల్టీనే, జీతం ఎప్పుడొస్తుందని మాత్రం అడక్కండి. మా డిపార్ట్‌మెంట్ బీరువాలో 640 థిన్ సెక్షన్లు (మైక్రోస్కోప్‌లో చూడటానికి గాజు మీద అతికించిన పలుచటి రాతి ముక్కలు) ఉన్నాయి, దసరా సెలవుల్లో కూర్చుని లెక్కపెట్టాను. నాకు ముందు పనిచేసి రిటైరయిన సారు ఏళ్ళ తరబడి ఎండలో తిరిగి తెచ్చిన రాళ్ళవి. గాజు పలక మీద కార్బోరండం పొడి చల్లి, చేత్తో అరగదీసి 30 మైక్రాన్ల మందానికి తెచ్చి, కెనడా బాల్సమ్‌తో అతికించి పెట్టాడు. గువ్వలచెరువు క్వార్ట్‌జైట్ (పుస్తకాల్లో గుల్చేరు అని ఉంటుంది, మనకు మాత్రం పాలకోవా ఊరే), వేంపల్లె డోలమైట్, పులివెందుల సిల్లు (పాత పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టిన అగ్నిశిల), తాడిపత్రి షేలు, నార్జి సున్నపురాయి, కొన్ని వజ్రకరూరు కింబర్లైట్లు (వజ్రాలు దొరికే రకం రాళ్ళు) కూడా ఉన్నాయి. ఈ రాళ్ళను కొత్తగా సేకరించాలంటే కొన్నిచోట్ల ఇప్పుడు క్వారీ తప్ప కొండే లేదు.

సమస్య ఏంటంటే బాల్సమ్ పసుపెక్కుతోంది, లేబుళ్ళ గమ్ము ఊడుతోంది, కొన్ని లేబుళ్ళను పురుగు తినేసింది. పిల్లలు 40 మంది. పెట్రోలాజికల్ మైక్రోస్కోపులు మూడు ఉన్నా వాటిలో రెండు పనిచేయవు. ప్రాక్టికల్ రోజు ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా రావు, ఆ రెండు నిమిషాల్లో వాడు చూసేది వాడి కనురెప్పే.

ఆసుపత్రుల్లో స్లైడ్ మొత్తాన్ని మెషీనే స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టేస్తుంది కదా, అట్లాంటిదే రాళ్ళ స్లైడ్లకు చేయాలని నా ఆశ. ఒక కంపెనీని కొటేషన్ అడిగితే వాళ్ళు పంపిన అంకెకు మా ఊళ్ళో ఇల్లు కట్టుకోవచ్చు. ఫోన్‌ను ఐపీస్‌కు పెట్టి నేనే ఒక స్లైడ్ ప్రయత్నించాను, 4ఎక్స్‌లో కొంచెం కొంచెం జరుపుతూ. మూడు సాయంత్రాలు పట్టింది. తీరా అన్నీ కలిపితే ప్రతి ఫోటో అంచూ నల్లగా వచ్చి, మొత్తం బొమ్మ చాప అల్లినట్టు కనబడింది.

అడగదలచుకున్నవి: స్టేజీకి మోటార్లు బిగించడం నాలాంటివాడి వల్ల అవుతుందా? మనకు మామూలు వెలుగులో ఒక ఫోటో చాలదు, క్రాస్డ్ నికల్స్‌లో (స్లైడ్ కింద ఒకటి, పైన ఒకటి అడ్డంగా నిలువుగా పెట్టిన రెండు పోలరైజింగ్ ఫిల్టర్ల మధ్య) కూడా కావాలి, అదీ స్లైడ్ తిప్పుతూ చూడాలి, అది ఎట్లా? ఇన్ని ఫైళ్ళు ఎక్కడ పెట్టాలి? నా దగ్గర ఉన్న బడ్జెట్ పది పన్నెండు వేలు, అదీ సొంత డబ్బే.

---

కర్నూలు_పాథాలజీ జవాబు:

రాళ్ళ గురించి నాకేమీ తెలియదు కానీ స్లైడ్ స్కానర్‌తో నాలుగేళ్ళు కుస్తీ పట్టాను, అందుకని ఆ వైపు సంగతి చెబుతానండి.

మీరు అనుకుంటున్న ఆసుపత్రి మెషీన్ లోపల జరిగేది మీరు ఫోన్‌తో చేసిందే. స్లైడ్‌ను కొంచెం జరుపుతుంది, ఫోటో తీస్తుంది, మళ్ళీ జరుపుతుంది. కొన్ని మెషీన్లు గడులుగా తీస్తే కొన్ని సన్నటి పట్టీలుగా తీస్తాయి. 40ఎక్స్‌లో ఒక పిక్సెల్ 0.25 మైక్రాన్. అంటే 15 మిల్లీమీటర్ల చదరపు ముక్కకే 60,000 బై 60,000, మొత్తం 360 కోట్ల పిక్సెళ్ళు. కుదించకపోతే 10 జీబీ దాటుతుంది. కుదించి, గూగుల్ మ్యాప్ లాగా చిన్న చిన్న పలకలుగా పలు స్థాయిల్లో దాస్తారు కాబట్టే డాక్టర్ స్క్రీన్ మీద జూమ్ చేస్తుంటే ఆ చోటు పలకలు మాత్రమే తెరుచుకుంటాయి.

డబ్బు ఎక్కువగా పోయేది కెమెరాకు కాదు, ఫోకస్‌కు. 40ఎక్స్ లెన్స్‌కు ఫోకస్‌లో ఉండే లోతు మైక్రాన్ చిల్లర. గాజు ఎప్పుడూ పూర్తి చదునుగా ఉండదు. అందుకని మెషీన్ ముందు అక్కడక్కడా ఫోకస్ చూసుకుని ఒక పటం వేసుకుని, దాని ప్రకారం లెన్స్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ పోతుంది. కవర్‌స్లిప్ మీద దుమ్ము కణం ఉంటే దానికే ఫోకస్ చేసుకుని, కింద టిష్యూను మసకగా వదిలేసిన సందర్భాలు ఎన్నో చూశాను. కాబట్టి మీ మొదటి ఖర్చు మోటార్లు కాదు, స్లైడ్లు తుడవడానికి మంచి బట్ట. బాల్సమ్ దగ్గర మాత్రం జైలీన్ వాడకండి, కరిగిపోతుంది.

మీ చాప అల్లిక సమస్యకు మందు సులువు. స్లైడ్ లేని ఖాళీ చోట ఒక ఫోటో తీసి ఉంచుకోండి. ప్రతి ఫోటోను ఆ ఖాళీ ఫోటోతో భాగిస్తే అంచుల నలుపు పోతుంది. ఫిజి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది చేస్తుంది, ఫోటోలను కుట్టే సౌకర్యం కూడా దాంట్లోనే ఉంది. ఫోన్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ లాక్ చేయకపోతే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు.

ఇక నేను నెత్తి కొట్టుకుని నేర్చుకున్నది లేబుళ్ళ సంగతి. ఇంతకుముందు పనిచేసిన ఒక ల్యాబ్‌లో రెండు వందల స్లైడ్లు స్కాన్ చేశాం, పేర్లు వరుస నంబర్లతో వాటంతటవే పడేలా పెట్టాం. మధ్యలో ఒక స్లైడ్ ట్రేలో ఇరుక్కుంది, మెషీన్ దాన్ని వదిలేసి ముందుకు పోయింది. అక్కడి నుంచి పేర్లన్నీ ఒక స్థానం జరిగాయి. గాల్‌బ్లాడర్ అని ఉన్న ఫైల్ తెరిస్తే లోపల థైరాయిడ్! అది కంటికి కొట్టే తేడా కాబట్టి దొరికింది. వరుసగా పది గాల్‌బ్లాడర్లు ఉండి ఉంటే? ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. స్లైడ్ ఫోటోతో పాటే లేబుల్ ఫోటో, రెండూ ఒకే ఫైల్ పేరుతో ఉండాలి. ఇది చేయలేకపోతే స్కానింగే మొదలుపెట్టకండి.

ఇంకొకటి. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ మొదటిసారి ఒక స్లైడ్ స్కానింగ్ వ్యవస్థతో నేరుగా రోగ నిర్ధారణ చేయవచ్చని ఒప్పుకున్నది 2017 ఏప్రిల్‌లో, ఫిలిప్స్ వాళ్ళ మెషీన్‌కు. అదీ దాదాపు 2,000 కేసులను గాజు మీదా స్క్రీన్ మీదా చూసి పోల్చాక. ఇక మెషీన్ కొన్న ల్యాబ్ కూడా కనీసం 60 కేసులు తనే పోల్చి చూసుకోవాలని, రెండుసార్లు చూడటానికి మధ్య కనీసం రెండు వారాలు ఆగాలని అక్కడి పాథాలజిస్టుల కాలేజీ 2013లో చెప్పింది, ముందు చూసింది గుర్తుండకూడదని. మీరూ ఒక ఇరవై సెక్షన్లకు అట్లా చేయండి. స్క్రీన్ మీద చూసి ఖనిజాల పేర్లు రాయండి, రెండు వారాలాగి మైక్రోస్కోప్‌లో చూసి రాయండి. తేడా ఎక్కడొస్తే మీ ఫోటో అక్కడ అబద్ధం చెబుతోందన్నమాట.

---

అనంత_మోటార్ జవాబు:

అన్నా, అవుతుంది. మాది అనంతపురం, సీఎన్‌సీ రౌటర్లు రిపేరు చేస్తా. అగ్రికల్చర్ చదివే మా బామ్మర్ది వేరుశనగ ఆకుమచ్చ బీజాలు లెక్కపెట్టడానికి మైక్రోస్కోప్ ముందు కూర్చుని కళ్ళు పోగొట్టుకుంటుంటే వాడికి ఒకటి చేసిచ్చినా. మోటార్లు, బోర్డు, బెల్టులు అన్నీ కలిపి తొమ్మిది వేల లోపే అయింది, మైక్రోస్కోప్, కెమెరా వాడివే.

మెకానికల్ స్టేజీకి రెండు నాబ్‌లు ఉంటాయి కదా, వాటికి పళ్ళ పుల్లీలు తొడిగి, బెల్టు వేసి, రెండు నేమా 17 స్టెప్పర్ మోటార్లు పెట్టు. ఆర్డ్యూయినో అనే చిన్న బోర్డు మీద జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఎక్కిస్తే సీఎన్‌సీ మెషీన్‌కు చెప్పినట్టే దీనికీ చెప్పొచ్చు, ఇంత జరుగు, ఆగు, ఫోటో తీయి అని. ఆ మోటారుకు చుట్టుకు 200 అడుగులు, డ్రైవర్‌తో 16 ముక్కలు చేస్తే 3,200. మా స్టేజీలో నాబ్ ఒక చుట్టు తిరిగితే సుమారు 30 మిల్లీమీటర్లు పోతుంది, అంటే అడుగుకు 10 మైక్రాన్ల లోపే. ఫోటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా తీస్తాం కాబట్టి ఇది బోలెడు. ఫోకస్ సన్న నాబ్‌కు మాత్రం చిన్న 28బీవైజే-48 మోటార్ చాలు, వంద రెండొందలకు దొరుకుతుంది, లోపలే గేర్లు ఉంటాయి. దానికి చుట్టుకు 4,096 అడుగులు, సన్న నాబ్ చుట్టుకు మామూలుగా 0.2 మిల్లీమీటర్లు, ఇంక నువ్వే లెక్కేసుకో.

నన్ను ఏడిపించింది ప్లే. గేర్లలో ఉండే లూజు అన్నమాట. కుడికి పోయి ఎడమకు వస్తే అదే చోటికి రాదు, అటు ఇటు తేడా కొడుతుంది. పాము నడకలో తీస్తే ఒక వరుస సరిగ్గా, ఒక వరుస జరిగి, మెట్ల మెట్లుగా వస్తుంది. అందుకని ప్రతి వరుసనూ ఎడమ నుంచే మొదలుపెట్టు, వెనక్కి వచ్చేటప్పుడు ఒట్టిగా రానీ, టైమ్ పోతే పోనీ. ఆగిన తర్వాత అర సెకను ఊరుకో, వణుకు తగ్గాక తీయి. ఫ్యాన్ ఆపెయ్యి. మే నెలలో పగలు చేయొద్దు, మా షెడ్డు రేకుల కింద వేడికి ప్లాస్టిక్ బ్రాకెట్లే వంగి, మధ్యాహ్నానికి ఫోకస్ జారిపోయేది, నేను మోటార్ తప్పనుకుని రెండు మోటార్లు మార్చినా. కరెంటు పోతే ఎక్కడ ఆగిందో ఫైల్లో రాసుకునేలా ప్రోగ్రామ్ పెట్టు, లేకుంటే మొదటికొస్తావు.

ఓపెన్‌ఫ్లెక్షర్ అని త్రీడీ ప్రింటర్‌తో చేసుకునే మైక్రోస్కోప్ డిజైన్ నెట్‌లో ఫ్రీగా ఉంది, చాలా బాగుంటుంది, కానీ దాని స్టేజీ 12 మిల్లీమీటర్లే జరుగుతుంది. నీ రాయి ముక్క అంతకన్నా పెద్దది, కాబట్టి నీకు పనికిరాదు.

---

కడప_గెస్ట్_లెక్చరర్:

మేడమ్‌కూ అన్నకూ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని లెక్క వేశాను, వేయకుండా ఉంటే బాగుండేది.

సెక్షన్‌లో రాయి సుమారు 40 బై 24 మిల్లీమీటర్లు. నా కెమెరా చూసే మేర 4ఎక్స్‌లో 1.6 బై 1.2 మిల్లీమీటర్లు, 20 శాతం ఎక్కేలా తీస్తే స్లైడ్‌కు 800 ఫోటోలు. 10ఎక్స్‌లో అయితే 5,000 దగ్గర. ఇది ఒక్క వెలుగుకే. మామూలు వెలుగులో ఒకటి, క్రాస్డ్ నికల్స్‌లో 15 డిగ్రీలకొకటి చొప్పున ఆరు, మొత్తం ఏడు వరుసలు. 4ఎక్స్‌లోనే 5,600 ఫోటోలు, ఫోటోకు రెండు సెకన్లు అనుకున్నా స్లైడ్‌కు మూడు గంటలు. 640 స్లైడ్లకు 1,900 గంటల పైమాటే. కాలేజీ రోజుకు ఆరు గంటలు తెరిచి ఉంటుంది, మధ్యలో పరీక్షలు, ఎలక్షన్లు. నా కాంట్రాక్టు అంతకాలం ఉంటుందో లేదో! సైజు చూస్తే 4ఎక్స్‌లో స్లైడ్‌కు మూడు జీబీ పైన, మొత్తం రెండు టీబీ పైన.

ఇందులో నేను ఎక్కడైనా తప్పు వేశానా?

---

పాత_గనుల_మనిషి జవాబు:

లెక్క తప్పు కాదు నాయనా, ఆలోచన తప్పు. ముప్పై ఏళ్ళు గనుల్లో, కొండల్లో రాళ్ళు చూసినవాణ్ణి, నా మాట కటువుగా ఉంటే క్షమించు.

ముందు నీ లెక్కే సరిచేస్తా. నీ 4ఎక్స్ లెన్స్ మీద 0.10 అని రాసి ఉంటుంది చూడు. ఆ లెన్స్ విడదీసి చూపగలిగేది 3.3 మైక్రాన్ల చుట్టూ, అంతకన్నా సన్నంగా దానికి తెలియదు. నీ కెమెరా ఏమో పిక్సెల్‌కు ముప్పావు మైక్రాన్ చొప్పున తీస్తోంది, అంటే లేని వివరాన్ని పెద్ద సైజులో దాచుకుంటున్నావు. పొడవు వెడల్పులు సగం చేసి సేవ్ చేస్తే పోయేది ఏమీ లేదు, నీ రెండు టీబీ అర టీబీ అవుతుంది. ఫోకస్ గురించి కూడా అంత భయం వద్దు. 4ఎక్స్‌లో ఫోకస్ లోతు 50 మైక్రాన్ల పైన, నీ రాయి మందమే 30. పాథాలజీ అమ్మాయి చెప్పిన బాధలు 40ఎక్స్ వాళ్ళవి. నీకు మూడు మూలల్లో ఫోకస్ చూసుకుంటే చాలు, స్లైడ్ ఎటు వాలిందో తెలిసిపోతుంది.

అసలు సంగతి ఇంకొకటి. పిల్లలకు నువ్వు చూపించాలనుకునేది ఏంది? వేంపల్లె డోలమైట్‌లో స్ట్రోమటోలైట్ పొరలు (ఒకప్పటి సూక్ష్మజీవులు కట్టిన పొరలు) చూడాలంటే స్లైడ్ మొత్తం ఒక్క చూపులో కనబడాలి. ఆ పొర ఎట్లా వంగింది, ఎక్కడ తెగింది, ఎక్కడ ఇసుక పడింది అనేది 4ఎక్స్‌లో చూస్తే ఏనుగును తాకి చూసిన గుడ్డివాడి కథే. పులివెందుల సిల్లు, 188 కోట్ల ఏళ్ళ నాటి డోలరైట్, దాంట్లో ప్లాజియోక్లేజ్ అనే ఖనిజం పుల్లలు పైరాక్సీన్ అనే ఇంకో ఖనిజం లోపల ఇరుక్కుని ఉండటం చూడటానికీ పెద్ద జూమ్ అక్కర్లేదు. నూటికి ఎనభై పాఠాలు స్లైడ్ మొత్తం బొమ్మలోనే ఉంటాయి.

దానికి మోటారూ వద్దు, మైక్రోస్కోపూ వద్దు. ఫోటో స్టూడియోల్లో నెగెటివ్‌లు స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉండేది, మూతలో కూడా లైటు ఉండేది. ఇప్పుడు ఎవరూ వాడటం లేదు, ఏ స్టూడియోలో అడిగినా దుమ్ము దులిపి ఇస్తారు. 2400 డీపీఐలో పెడితే పిక్సెల్ 10.6 మైక్రాన్లు. డబ్బా మీద 6400, 9600 అని రాసి ఉంటుంది, నమ్మొద్దు, దాని లెన్స్‌కు అంత సత్తా ఉండదు. స్లైడ్లను పరిచి స్కాన్ చేస్తే మామూలు వెలుగు బొమ్మ వచ్చేసింది. ఇక పోలరాయిడ్ షీటు (పోలరైజింగ్ ఫిల్టరు) రెండు ముక్కలు కొని, ఒకటి స్లైడ్ కింద, ఒకటి పైన, రెండూ అడ్డంగా నిలువుగా ఉండేలా పెడితే క్రాస్డ్ నికల్స్. పదిహేను డిగ్రీలకొకటి ఎందుకు? ఒకసారి స్కాన్ చెయ్యి, స్లైడ్‌ను 45 డిగ్రీలు తిప్పి ఇంకోసారి చెయ్యి. మొదటిదాంట్లో ఎక్స్‌టింక్షన్‌లో నల్లగా పోయిన గింజ రెండోదాంట్లో అన్నిటికన్నా వెలుగుతుంది. మూడు స్కాన్లతో స్లైడ్ అయిపోయింది.

ఇట్లా 640 అయ్యాక, ఒక్కో స్లైడ్‌లో ఐదారు చోట్లు గుర్తు పెట్టుకుని, ఆ చోట్లకు మాత్రం మైక్రోస్కోప్‌లో పెద్దవి తీసుకో. అప్పుడు తిప్పుతూ తీయి, కానీ స్టేజీని తిప్పొద్దు, తిప్పితే బొమ్మ కదులుతుంది, తర్వాత ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. స్లైడ్ కదలకుండా, కింది ఫిల్టరు అంటే పోలరైజర్‌ను, పై ఫిల్టరు అంటే అనలైజర్‌ను రెండింటినీ కలిపి ఒకేలా తిప్పు. ప్రతి గింజా అదే చోట ఉండి రంగు మాత్రం మారుతుంది, పిల్లల ఫోన్లో వేలితో జరిపితే గింజలు ఆరిపోయి వెలుగుతాయి. ఒక్క షరతు: నీ అనలైజర్ తిరిగే రకమై ఉండాలి.

---

అనంత_మోటార్:

పెద్దాయన చెప్పింది కాదనను కానీ సార్, స్కానర్‌లో 10 మైక్రాన్లకు ఒక పిక్సెల్ అంటే తాడిపత్రి షేల్‌లో ఏం కనబడుతుంది? బూడిద రంగు గోడ. అన్న దగ్గర షేలు స్లైడ్లు ఎన్ని ఉన్నాయో తెలియదు కదా. మోటారు పెడితే ఆ ఐదారు చోట్లకు కూడా అదే పోయి తీసుకుంటుంది, ఆయన గుర్తు పెట్టింది అంకెల్లో ఇస్తే చాలు.

---

పాత_గనుల_మనిషి:

షేలు విషయంలో ఒప్పుకుంటా. షేలుకు 10ఎక్స్ కాదు, 40ఎక్స్ పెట్టినా చాలావరకు బూడిద గోడే, అది వేరే సంగతి. మోటారు చెయ్యి, వద్దనలేదు. ముందు స్కానర్ అంటున్నా. మోటారు మొదలుపెట్టినవాళ్ళు మోటారు దగ్గరే ఆగిపోతారు, స్లైడ్లు బీరువాలోనే ఉంటాయి.

---

అనంత_మోటార్:

ఈ మాట మాత్రం నా షెడ్డు చూసి చెప్పినట్టుంది సార్ 🙂

---

కర్నూలు_పాథాలజీ:

స్కానర్ ఆలోచన నాకు నచ్చింది. మా మెషీన్ కూడా అసలు స్కాన్‌కు ముందు స్లైడ్ మొత్తం ఒక చిన్న ఫోటో తీసుకుని, టిష్యూ ఎక్కడుందో చూసుకున్నాకే లెన్స్ దింపుతుంది. మీరు చేయబోయేదీ అదే, పెద్ద ఎత్తున. ఒకే ఒక్క సందేహం: క్రాస్ చేశాక అంతా చీకటే కదా, స్కానర్ తనంతట తాను వెలుగు పెంచేయదా?

---

కడప_గెస్ట్_లెక్చరర్, మూడు వారాల తర్వాత:

అందరికీ రిపోర్ట్. ఏడు రోడ్ల దగ్గర ఒక పాత స్టూడియోలో స్కానర్ దొరికింది, ఆయన రెండు వేలకే ఇచ్చేశాడు, పైగా పెళ్ళి నెగెటివ్‌ల ట్రే కూడా చేతిలో పెట్టాడు. పోలరాయిడ్ షీటు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఇప్పటికి 52 స్లైడ్లు పూర్తయ్యాయి, మూడేసి స్కాన్లు. వేంపల్లె స్ట్రోమటోలైట్‌ను తెర మీద గోడంత చేసి చూపిస్తే వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి ముందుకొచ్చారు. వంటింటి గట్టు మీద నాపరాయి తప్ప ఇంకే రాయినీ దగ్గరగా చూడని పిల్లలు వాళ్ళు.

ఎదురైన తలనొప్పులు కూడా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తాయి. మేడమ్ అడిగింది నిజమే. మొదటి పది స్లైడ్లలో క్వార్ట్జ్ అంతా తెల్లగా మెరిసిపోతూ, పసుపు, నారింజ కూడా తిరిగింది. సెక్షన్ మందం ఎక్కువైందేమో, సారు సరిగ్గా అరగదీయలేదేమో అనుకుని మనసులో ఆయన్ను తిట్టుకున్నాను, పాపం. 30 మైక్రాన్లలో క్వార్ట్జ్ బూడిద తెలుపు దాటకూడదు కదా. చూస్తే స్కానర్ ఆటో ఎక్స్‌పోజర్, ఆటో కలర్ చేసిన పని. అన్నీ ఆఫ్ చేసి, నాకు బాగా తెలిసిన ఒక గువ్వలచెరువు స్లైడ్‌ను మైక్రోస్కోప్‌లో చూస్తూ దానికి సరిపోయేలా ఒకసారి సెట్ చేసి, అదే సెట్టింగ్ అన్నిటికీ వాడుతున్నాను. ప్రతి ట్రేలో ఆ స్లైడ్ ఒక మూలన ఉంటుంది, అది తేడాగా వస్తే ట్రే మొత్తం మళ్ళీ.

రెండోది, దుమ్ము మచ్చలు తీసేసే ఆప్షన్ ఒకటి ఉంది, అది ఆన్‌లో ఉండిపోయింది. ఒక సున్నపురాయిలో పైరైట్ గింజలు ఉండాలి, నేను కళ్ళారా చూసినవే, స్కాన్‌లో ఒక్కటీ లేదు! నల్లగా వెలుగు పోనివ్వనిదల్లా దానికి దుమ్మే. పక్క రంగు పూసి చక్కగా చెరిపేసింది. దీనికన్నా చాప అల్లికే నయం, అది తప్పని కంటికి తెలుస్తుంది.

స్లైడ్లు నేరుగా గాజు మీద పెడితే రంగుల వలయాలు వచ్చాయి, న్యూటన్ రింగులు. అట్టముక్క కోసి ఫ్రేమ్ చేసి కొద్దిగా ఎత్తులో పెట్టాక పోయాయి. ముందు అట్టకు బదులు పారదర్శక ప్లాస్టిక్ షీటు వాడి చూశాను, క్రాస్ చేసేసరికి ప్లాస్టికే ఇంద్రధనుస్సులా వెలిగింది. రెండు పోలరాయిడ్ల మధ్య రాయి, గాజు తప్ప ఇంకేమీ ఉండకూడదని అప్పుడు అర్థమైంది.

ఇరవై స్లైడ్ల పరీక్ష కూడా పెట్టుకున్నాను, రెండో విడత వచ్చే వారం.

పెద్దాయనకు ఒక ప్రశ్న. పు-14 అని లేబుల్ ఉన్న స్లైడ్ లింకులో పెట్టాను. సారు రిజిస్టరులో పు అంటే పులివెందుల క్వార్ట్‌జైట్ అని ఉంది. కానీ నాకు అట్లా కనబడటం లేదు.

---

పాత_గనుల_మనిషి:

క్వార్ట్‌జైట్ కాదు, సిల్లే. పుల్లలు పుల్లలుగా ప్లాజియోక్లేజ్, మధ్యలో పైరాక్సీన్ స్పష్టంగా ఉంది, 10 మైక్రాన్ల స్కాన్‌లోనే. మీ సారుకు ఆ తేడా తెలియకపోవడం అసంభవం. రెండు రాళ్ళూ పులివెందులవే కాబట్టి రెండింటికీ పు అనే రాసుకుని ఉంటాడు, ఇంకేదో గుర్తు ఉండి ఉంటుంది. ఫోన్ చేసి అడుగు.

---

కడప_గెస్ట్_లెక్చరర్:

చేశాను సార్. నవ్వాడు. క్వార్ట్‌జైట్ లేబుళ్ళు నీలం ఇంకుతో, సిల్లు లేబుళ్ళు ఎర్ర ఇంకుతో రాశాడట, రిజిస్టరులో రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదట, ఎందుకంటే బీరువా తాళం ఆయన దగ్గరే ఉండేది కదా.

నేనేమో మేడమ్ చెప్పినట్టు ప్రతి లేబుల్‌నూ ఫోటో తీశాను, కాకపోతే సైజు తగ్గుతుందని బ్లాక్ అండ్ వైట్‌లో తీశాను. ఇప్పుడు 52 లేబుళ్ళూ మళ్ళీ కలర్‌లో తీస్తున్నాను. కొన్ని వెలిసిపోయి ఎరుపో నీలమో తెలియడం లేదు, అవి ఒక కవర్లో వేసుకుని ఆదివారం సారు ఇంటికి వెళ్తాను.

---

అనంత_మోటార్:

పోయేటప్పుడు ఆ పనిచేయని రెండు మైక్రోస్కోపుల ఫోటోలు పెట్టన్నా, స్టేజీ నాబ్ ఎట్లుందో చూస్తా.